తోక చూశావేట్రా?

సాలూరులో లారీని గుర్తుపట్టలేని మనిషి దొరకడం కష్టం. ఒడిశా వైపు నుంచి సుంకి ఘాట్ దిగి వస్తున్న బండిని చూసి, అది ఏ ఊరిదో, ఏం సరుకు వేసుకుందో, ఎంత లోడు మీద ఉందో టీ బడ్డీ దగ్గర కూర్చున్నవాడు కూడా చెప్పేస్తాడు. అదే మనిషికి ఎలకల్లో తెలిసినవి రెండే జాతులు. చిన్నదైతే ఎలక, పెద్దదైతే పందికొక్కు. ఒడిశా వెళ్ళొచ్చిన లారీలో కనిపిస్తే మాత్రం దానికి ప్రమోషన్ వచ్చి అడివెలక అవుతుంది.

కేబిన్ కింద వైరింగు తెగిందంటే షెడ్డులో తీర్పు వెంటనే వచ్చేస్తుంది.

"పొట్టంగిలో బండి ఆపినప్పుడు ఎక్కీసుంటాదండి మేష్టారూ. అడివెలకే. పిల్లంతుంది!" అంటాడు మెకానిక్కు.

రిటైరైన సైన్సు మేష్టారు పేపరు మడుస్తూ, "తోక చూశావేట్రా?" అంటారు.

"పారిపోతంటే దాని తోకేటి చూస్తామండి?"

"పారిపోయేటప్పుడు కనిపించేది అదే కదరా!"

మేష్టారు పాయింటు పట్టారు. లారీకి వెనక నంబరు ప్లేటు ఎలాగో, ఎలకకి తోక అలాగ. సైజును నమ్ముకుంటే మోసపోతాం. కుర్ర పందికొక్కూ, ముదురు ఇంటి ఎలకా ఇంచుమించు ఒకే సైజులో ఉంటాయి. పైగా చీకట్లో భయపడి చూసినవాడి కంటికి ప్రతి ఎలకా కేజీ తూగుతుంది.

తోక సాక్ష్యం అలా మారదు. ఇంటి ఎలక తోక ఒంటికన్నా పొడుగు, మొదలు నుంచి చివరిదాకా ఒకటే నలుపు. పొలం గట్లలో వడ్లు దాచుకునే చిన్న పందికొక్కుకి మూతి మొద్దు, తోక ఒంటికన్నా పొట్టి. మెట్ట చేలల్లో గెంతుతూ పోయే ఎలక జాతి జెర్బిల్‌కి తోక కొసన నల్ల కుచ్చు ఉంటుంది. ఇక చుంచు అసలు ఎలకే కాదు. పొడుగు మూతి, చుక్కల్లాంటి కళ్ళు, గది ఖాళీ చేయించే కంపు. అది తినేది బొద్దింకల్ని, పురుగుల్ని. పాపం, వైర్ల కేసులో తరచు దాన్నే ముద్దాయిని చేస్తారు.

మరి అసలైన అడివెలక ఏది? తూర్పు కనుమల అడవుల్లో తెల్ల తోక ఎలక ఒకటుంది. బూడిద కలిసిన గోధుమరంగు వీపు, తెల్లని పొట్ట, పెద్ద చెవులు, పెద్ద కళ్ళు. తోక ఒంటికన్నా పొడుగే, కానీ మొదట్లో నల్లగా ఉండి కొస వైపు తెల్లబడిపోతుంది. చెట్టు తొర్రల్లో, రాళ్ళ సందుల్లో ఉంటుంది, రాత్రిపూటే తిరుగుతుంది. దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేసినవాడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన ఓల్డ్‌ఫీల్డ్ థామస్, 1881లో. నమూనా వెళ్ళింది మన కడప నుంచే. శాస్త్రీయ నామం మాత్రం విలియం బ్లాన్‌ఫర్డ్ అనే భూగర్భ శాస్త్రవేత్తది పెట్టారు. కడప ఎలకకి దొర పేరు! ఎలక తోలు ఎంత ఉతికినా తెల్లబడదని వేమన తేల్చేశాడు గానీ, ఈ ఎలక ఉతుకూ సబ్బూ లేకుండానే సగం తోక తెలుపు చేసుకుని తిరుగుతోంది.

పిల్లి నోట్లోనో, ఎలకబోను తలుపు సందులోనో తోక తెగిన ఎలకతో చిక్కొస్తుంది. అప్పుడు నిపుణులు చెవి కొలుస్తారు, వెనక పాదం కొలుస్తారు, అరికాలి మెత్తలు లెక్కపెడతారు, ఆడదైతే చనుమొనలు లెక్కిస్తారు. అదీ చాలకపోతే పుర్రె, పళ్ళు. అంత మర్యాద పెళ్ళిచూపుల్లో కూడా జరగదు.

చట్టం మాత్రం చాలాకాలం తోకల జోలికి పోలేదు. 1972 వన్యప్రాణి చట్టం ఎలకల్ని కాకులతో కలిపి ఐదో షెడ్యూలులో పడేసి, హానికర జంతువులనేసింది. 2022 సవరణతో ఆ షెడ్యూలు పోయింది.

ఇక అమెరికాలో అడివెలకలనేవి వేరే వంశం. వాటికి మెరిసే వస్తువు కనిపిస్తే చాలు, గూటికి మోసుకుపోతాయి. దారిలో ఇంకా మంచిది దొరికితే నోట్లోది అక్కడే వదిలేసి దాన్ని పట్టుకుపోతాయి. ఎడారి ప్రాంతాల్లో వాటి మూత్రం గడ్డకట్టి, పోగేసిన చెత్త వేల ఏళ్ళు చెడకుండా ఉండిపోయింది. నలభై వేల ఏళ్ళ నాటి కుప్పల్లోని ఆకులు, గింజలు చూసి అప్పట్లో అక్కడ ఏ చెట్లుండేవో శాస్త్రవేత్తలు చెబుతున్నారు. ఆ జాతి సాలూరులో లేకపోవడం మెకానిక్కుల దురదృష్టం. పోయిన ప్రతి స్పానరుకీ ఒక బాధ్యుడు దొరికేవాడు.

కాబట్టి ఈసారి లారీలోనో, అటక మీదో ఎలక కనిపిస్తే అరవకండి, ఫోను తీయండి. తోక కొసదాకా పడేలా, పక్కనుంచి ఫొటో తీయండి. చచ్చిన ఎలకైనా సరే ఉత్త చేత్తో ముట్టుకోకండి. ఎలక జ్వరం ఎలక మూత్రం ద్వారా వస్తుంది, ఆ జబ్బుకి జాతి భేదం లేదు.