మోతొకడిది, సోకొకడిది

కొండలెక్కే కుర్రాళ్లలో ఈమధ్య ఒక కొత్త మతం బాగా వ్యాపించింది. దాని పేరు అల్ట్రాలైట్. ఇందులో చేరినవాడికి మాల ఉండదు, బొట్టుండదు. చేతిలో వంటింటి డిజిటల్ త్రాసు మాత్రం ఉంటుంది. ట్రెక్కుకి నెల ముందే దీక్ష మొదలు. సాక్సులు తూస్తాడు. సబ్బు తూసి, నాలుగో వంతు కోసి, ఆ ముక్కను మళ్లీ తూస్తాడు. టూత్‌బ్రష్ పిడిని సగానికి విరిచేసి, పళ్లు తోమడానికి రెండంగుళాలు చాలవా అని ఇంటిల్లిపాదికీ ప్రవచనం చెబుతాడు. చొక్కా మెడ వెనక కుట్టిన కంపెనీ పీలికను బ్లేడుతో కోసేసి అర గ్రాము పుణ్యం గడిస్తాడు. ఆ పుణ్యాన్నంతా ఎక్సెల్ షీటులో వరసగా రాసి, కింద మొత్తం వేసి, వాట్సాప్ గ్రూపులో పెడతాడు. దాని కింద నాలుగు చప్పట్ల బొమ్మలు పడితే జన్మ ధన్యం.

ఈ మతంలో మోక్షానికి ఒక అంకె ఉంది. వీపు మీది సంచిలోంచి తిండి, నీళ్లు, స్టవ్వు ఇంధనం తీసేయగా మిగిలినదాన్ని బేస్ వెయిట్ అంటారు. అది 10 పౌండ్ల లోపు, అంటే 4.5 కిలోల లోపు ఉంటే అల్ట్రాలైట్, సాక్షాత్తూ ముక్తి. 9 కిలోల లోపైతే ఉత్త లైట్. ఇంకో జన్మ ఎత్తాల్సిందే. ఆపైన మోసేవాళ్లంతా అజ్ఞానులు, అంటే మనం.

లెక్కలోంచి ఏమేం తీసేశారో చూడండి. మూడు లీటర్ల నీళ్లు మూడు కిలోలు. నాలుగైదు రోజుల తిండి ఎంత పొదుపుగా సర్దినా మరో మూడు కిలోలు. వీపుకి ఈ తేడా తెలుసు గానీ ఎక్సెల్ షీటుకి తెలియదు. ఇంకో వెసులుబాటు కూడా ఉంది: ఒంటి మీద వేసుకున్నవీ, జేబుల్లో ఉన్నవీ, చేతికర్రలూ బేస్ వెయిట్ కిందికి రావు. అందుకే బయల్దేరే ముందు త్రాసు మీద 4.9 కనబడినా భక్తుడు బెంగపడడు. పవర్ బ్యాంకు ఓ జేబులోకి, కత్తి ఇంకో జేబులోకి, హెడ్‌ల్యాంపు నెత్తి మీదికి, రెండో జాకెట్ మొదటి జాకెట్ మీదికి పోతాయి. అంకె 4.4కి దిగుతుంది. మార్చి నెలాఖరున మన ఆడిటర్ గారు ఆదాయాన్ని ఈ పద్దులోంచి ఆ పద్దులోకి తోసినట్టే. మోకాళ్లకి మాత్రం ఈ పద్దులు పట్టవు. అవి మొత్తాన్నే మోస్తాయి.

ఇక ఖర్చు సంగతి. తక్కువ సామాను కాబట్టి తక్కువ డబ్బు అవుతుందని మీరనుకుంటే మీది పల్లెటూరి తెలివి. ఈ మతంలో ఒక్కో గ్రాము తగ్గడానికీ రొక్కం కట్టాలి. ఇవాళ వీళ్లు కళ్లకద్దుకునే డైనీమా గుడ్డ పడవ తెరచాపల నుంచి వచ్చింది. 1992లో అమెరికాస్ కప్ పడవ పందెం గెలిచిన ‘అమెరికా క్యూబ్డ్’ జట్టు వల్లే దానికి మొదట్లో క్యూబెన్ ఫైబర్ అని పేరు. ఆ గుడ్డతో కుట్టిన గుడారం అమెరికా నుంచి తెప్పించుకోవాలంటే మన చిన్న ఉద్యోగికి నెల జీతం చాలదు. దానికి తోడు టైటానియం గ్లాసు, టైటానియం చెంచా. ఆ చెంచా కొసన పళ్లు కూడా ఉంటాయి, ఫోర్కు మోయనక్కర్లేకుండా. చెయ్యి అనే పరికరం ఒంటితోనే వస్తుందనీ, బేస్ వెయిట్‌లో సున్నా గ్రాములనీ ఎవరూ చెప్పినట్టు లేదు. సంచి లాభం చిల్లు కూడదీసిందని పెద్దలు ఊరికే అనలేదు.

ఇందులో విచిత్రం ఏమిటంటే, ఈ మతానికి మూలపురుషుడిగా చెప్పుకునే రే జార్డీన్ కొనమన్నవాడు కాదు, కుట్టుకోమన్నవాడు. బండరాళ్లెక్కేవాళ్లు పగుళ్లలో బిగించే ‘ఫ్రెండ్స్’ అనే సాధనాన్ని కనిపెట్టిన ఇంజినీరాయన. మెక్సికో సరిహద్దు నుంచి కెనడా సరిహద్దు దాకా సుమారు 4,260 కిలోమీటర్లు సాగే పసిఫిక్ క్రెస్ట్ ట్రయల్ నడిచేవాళ్ల కోసం 1992లో ఒక పుస్తకం రాశాడు. బరువైన బూట్లెందుకు, మామూలు బూట్లు చాలు. గుడారమెందుకు, నాలుగు మూలలా కట్టిన టార్పాలిన్ చాలు. సంచి ఇంట్లోనే కుట్టుకోండి అన్నాడు. శిష్యులు అన్నీ విన్నారు. కుట్టుమిషను దగ్గరికి వచ్చేసరికి మాత్రం క్రెడిట్ కార్డు తీశారు.

గురువుగారి టార్పాలిన్‌కి ఇంకో సంగతి ఉంది. ఆ దారిలో సింహభాగం కాలిఫోర్నియాలో నడుస్తుంది. అక్కడ వేసవిలో వాన అరుదు. మనవాళ్లు ఆ సూత్రాన్ని ఉన్నదున్నట్టు పట్టుకొచ్చి జులైలో హిమాలయాల్లోని హంప్టా పాస్ ఎక్కుతారు. కులూ వైపు ఎక్కుతున్నంతసేపూ రుతుపవనాలు సంచిలో ఏముందో అడగవు, తడిపి వదిలిపెడతాయి. అప్పుడు మన భక్తుడు పక్కవాడి దగ్గర రెయిన్‌కోటు అడుగుతాడు. సాయంత్రానికి దూది, రాత్రికి మాత్ర, పొద్దున్నే టూత్‌పేస్టు. ఆ పక్కవాడు పన్నెండు కిలోలు మోసుకొచ్చిన అజ్ఞాని. ప్రతి అల్ట్రాలైట్ వెనకా ఒక హెవీవెయిట్ ఉంటాడు. దిగొచ్చాక పెట్టే ఫోటోలో ఉండడు.

అసలు తమాషా సాంక్రిలోనూ, జోబ్రాలోనూ చూడాలి. ట్రెక్కు మొదలయ్యే చోటికి జీపులు చేరతాయి. మన భక్తుడు 4.4 కిలోల సంచి వీపున తగిలించుకుని, సూర్యుడికి ఎదురుగా నిలబడి ఫోటో తీయించుకుంటాడు. అతని వెనకాల కంచరగాడిదలు వరసగా నిలబడి ఉంటాయి. వాటి మీదికి ఎక్కేవి: పడుకునే గుడారాలు, స్లీపింగ్ బ్యాగులు, తిండి తినే పెద్ద గుడారం, గ్యాస్ సిలిండరు, ప్రెషర్ కుక్కరు, బియ్యం, పప్పు, బంగాళాదుంపలు, అట్టపెట్టెల్లో కోడిగుడ్లు, చివరగా టాయిలెట్ గుడారం. నిలువునా జిప్పు ఉండి, లోపల గొయ్యి తవ్వుకునే ఆ టాయిలెట్ గుడారాన్ని ఏ ఎక్సెల్ షీటులోనూ నేను చూడలేదు. ఇదంతా పోగా అదనపు సంచి ఉంటే ఆఫ్‌లోడింగ్ అనే పద్ధతి ఉంది; రోజుకింతని కడితే అదీ గాడిద ఎక్కుతుంది. మన చట్టం ఆ జంతువు మీద కాస్త దయ చూపింది: భారం మోసే పశువుల కోసం 1965లో చేసిన నిబంధనల ప్రకారం కంచరగాడిద మీద 200 కిలోలకు మించి వేయకూడదు. అంటే మన ట్రెక్కులో బేస్ వెయిట్‌కి చట్టబద్ధమైన పరిమితి ఉన్నది ఒక్క గాడిదకే.

నేపాల్ వెళ్తే గాడిద చోట మనిషి. 2005లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. నామ్చే బజార్ దారిలో పోర్టర్లనీ, వాళ్ల మూటలనీ తూచి చూశారు. మగవాళ్లు సగటున తమ ఒంటి బరువులో 90 శాతానికి పైగా మోస్తున్నారని తేలింది. డోకో అనే వెదురు బుట్ట వీపు మీద, నామ్లో అనే పట్టీ నుదుటి మీద. అలిసినప్పుడు బుట్ట కింద ఆన్చుకోవడానికి ఓ పొట్టి కర్ర. తన ఒంటి బరువంత మోస్తున్న ఆ మనిషి, దారి ఇరుకైన చోట పక్కకి ఒదిగి, 4.4 కిలోల వాడికి దారిస్తాడు. మనవాడు కర్రలు రెండూ పైకెత్తి నమస్తే అని, ముందుకెళ్లి, బరువు తగ్గించుకోవడం వల్ల మనసు ఎంత స్వేచ్ఛగా ఉంటుందో వీడియోలో చెబుతాడు.

నిజంగా తేలిగ్గా నడిచినవాళ్లు లేకపోలేదు. అమెరికాలో ఎమా గేట్‌వుడ్ అనే ఆవిడ 1955లో, తన 67వ ఏట, అపలాచియన్ ట్రయల్ మొత్తం ఒంటరిగా నడిచింది. మూడు వేల కిలోమీటర్ల పైమాటే. పదకొండు మంది పిల్లల తల్లి. కాళ్లకి కాన్వాస్ బూట్లు, భుజాన ఇంట్లో కుట్టుకున్న గుడ్డ సంచి, వానకి స్నానాల గది ప్లాస్టిక్ తెర, చలికి ఒక సైనిక కంబళి. త్రాసు లేదు, తాత్వికత లేదు. గాడిదా లేదు.

అంతదూరం ఎందుకు? ఉగాదికి ముందు ఆత్మకూరు దగ్గర వెంకటాపురం నుంచి నల్లమలలోకి దిగి, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం చేరే కన్నడ భక్తుల్ని చూడండి. నెత్తిన మూట, చేతిలో నీళ్లసీసా, భుజాన తువ్వాలు. ఆ తువ్వాలే ఎండకి తలపాగా, రాత్రికి దుప్పటి, పొద్దున్నే ఒళ్లు తుడుచుకునే గుడ్డ. శబరిమల వెళ్లే అయ్యప్పల ఇరుముడిలో పద్దులు కూడా ఎప్పుడో తేలిపోయాయి: ముందు ముడి దేవుడిది, వెనక ముడి తనది. నడవలేని స్వామి అక్కడ డోలీ ఎక్కుతాడు, తప్పేం లేదు. కానీ నలుగురి భుజాల మీద కూర్చుని, నా ఇరుముడి ఎంత తేలికో చూశారా అని ఏ స్వామీ అనడు.

మోయించుకోవడం కూడా మనకి కొత్త కాదు. 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య పల్లకీతో, బోయీలతో, డేరాలతో, పెద్ద పరివారంతో వెళ్లాడు. పదిహేను నెలలకి తిరిగొచ్చాడు. ఆ బోయీల సంగతీ, డేరాల సంగతీ యాత్రా చరిత్రలో దాచకుండా రాసుకున్నాడు. పల్లకీలో కూర్చున్నవాడికి ఉన్న ఆ నిజాయితీ నడిచి వెళ్తున్నానని చెప్పుకునేవాడికి లేకపోవడమే ఇప్పటి ప్రగతి.

మోసేవాళ్లకి పని దొరుకుతోందిగా, నీ కడుపుమంట ఏమిటని అడిగేవాళ్లుంటారు. పని దొరకాల్సిందే. గాడిదని పెట్టుకోండి, పోర్టర్ని పెట్టుకోండి, మంచి కూలీ ఇవ్వండి, అతని కాలికి బూట్లున్నాయో లేదో, అతనికి బీమా ఉందో లేదో ట్రెక్కు నడిపేవాణ్ని గట్టిగా అడగండి. అనవసరమైన సామాను తగ్గించుకోవడం కూడా మంచి బుద్ధే, మోకాళ్లు దీవిస్తాయి. తప్పు సంచిలో లేదు, షీటులో ఉంది. పక్కవాడి వీపు మీదికి నెట్టిన బరువుని తగ్గిన బరువు అనరు, చేతులు మారిన బరువు అంటారు.

కాబట్టి అల్ట్రాలైట్ సోదరులకి ఒక్క మనవి. ఈసారి షీటులో ఇంకో వరస కలపండి. గుడారం ఎవరు మోశారు, కుక్కరు ఎవరు మోశారు, టాయిలెట్ ఎవరు మోశారు, వాళ్లకి రోజుకి ఎంత ముట్టింది, అన్నీ రాయండి. అది రాశాక కూడా అంకె 4.5 దాటకపోతే, ఆ చప్పట్లలో మొదటి జత నాదే.