సల్ల కాకా

2016 దసరా నాడు కామారెడ్డి జిల్లా పుట్టింది. అప్పటిదాకా బీర్కూరు మండలంలో ఒక ఊరిగా ఉన్న నస్రుల్లాబాద్ తానే మండలమైంది. తహసీల్దారు వచ్చారు, ఎంపీడీవో వచ్చారు, బోర్డులు లేచాయి. వీళ్లందరికంటే చాలా ముందే, ఏ జీవో లేకుండా చార్జి తీసుకున్న అధికారి ఒకరున్నారు. ఆయన సల్ల కాకా, అంటే మజ్జిగ కాకా. ఇది ఒక మనిషి పేరు కాదు, హోదా. ప్రతి వాడకట్టుకూ ఒకరుంటారు. ఒకరు కాలం చేస్తే ఇంకొకరు చెంబు అందుకుంటారు.

అరవై దాటిన వయసు, మోకాళ్ల మీదికి మడిచిన పంచె, భుజాన తువ్వాల, చేతిలో స్టీలు చెంబు. జబ్బులు వేయి ఉండొచ్చు గానీ కాకా దగ్గర మందు ఒక్కటే. వడదెబ్బకు సల్ల. అజీర్తికి సల్ల. రాత్రి తాగింది పొద్దునకు దిగకపోతే సల్ల. కోడలు అలిగి పుట్టింటికి పోతే కొడుక్కి సల్ల. ఒకప్పుడు జనం బుద్ధిగా తాగేవారు. ఇప్పుడు ముదిరిపోయారు. మెడికల్ షాపులో ఓఆర్ఎస్ ప్యాకెట్ దొరుకుతోంది, కిరాణా షాపు ఫ్రిజ్‌లో థమ్సప్ దొరుకుతోంది. కాకా ఎదురొస్తున్నాడంటే "ఇప్పుడే తాగొచ్చిన కాకా" అని తప్పుకుంటున్నారు. అందుకని ఆయన ప్రాక్టీసు కుక్కల మీదికి మళ్లింది. కుక్క ఎప్పుడూ ఇప్పుడే తాగొచ్చాననదు.

సీజను ఏప్రిల్‌లో మొదలవుతుంది. నిజాంసాగర్ నీళ్లతో పండిన యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రాల ముందూ, రోడ్ల అంచునా ఆరబోసి ఉంటాయి. ఎండ 43 డిగ్రీలు దాటుతుంది. టార్పాలిన్ల నీడన, ట్రాక్టర్ల కింద వీధి కుక్కలు నాలుకలు వేలాడేసుకుని రొప్పుతుంటాయి. పాపం, కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. అరికాళ్ల మెత్తల్లో కాస్త పడుతుంది, అంతే. రొప్పి రొప్పి నాలుక మీదా నోట్లోనూ ఉన్న తడి ఆర్చుకుంటేనే దాని ఒళ్లు చల్లబడుతుంది. కాబట్టి ఆ రొప్పడం జబ్బు కాదు, వైద్యమే. కాకా మాత్రం ఒప్పుకోడు.

"అది దూప గాదు బిడ్డా, ఒంట్ల ఉడుకు. సల్ల వడాలె."

కాకా నేర్చిన వైద్యమంతా బర్రెల దగ్గర నేర్చింది. దవడ ఎత్తిపట్టి వెదురు గొట్టంతో గొంతులో పోయడమే ఆయనకు తెలిసిన పద్ధతి. గొట్టం పోయి ప్లాస్టిక్ సీసా వచ్చింది గానీ పద్ధతి మారలేదు. ఎండకు సొమ్మసిల్లిన కుక్క నోట్లో ఇట్లా ఏది పోసినా, అది సల్లయినా అమృతమైనా, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. దాన్ని నీడకు లాగి, ఒళ్లు చల్లటి నీళ్లతో తడిపి, గాలి తగలనిచ్చి, డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. అదృష్టం ఏమిటంటే సొమ్మసిల్లిన కుక్కలు కాకాకు తక్కువగా దొరుకుతాయి. దొరికేవన్నీ ఆయన బనియన్ జేబులో పార్లే జీ ఉందని తెలిసి వెంటపడేవే. అవి ఆ బిస్కెట్టు కోసం ముందు సల్ల భరిస్తాయి.

కాకా సిద్ధాంతానికి ఓటమి లేదు. తాగిన కుక్క లేచి తిరిగితే సల్ల పనిచేసినట్టు. పారుకుంటే లోపలి ఉడుకు బయటికి పోతున్నట్టు. వాసన చూసి మొహం తిప్పుకుంటే ఆ కుక్కకు పెంపకం సరిగా లేనట్టు. తర్కంలో ఇంత పటిష్ఠమైన కోటను నేను పార్టీ ప్రతినిధుల ప్రెస్‌మీట్లలో తప్ప ఎక్కడా చూడలేదు.

న్యాయంగా చెప్పాలంటే ఒక్క విషయంలో కాకా గెలుస్తాడు. మన కుక్క వేటాడి బతకదు, బువ్వ తిని బతుకుతుంది. 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు కుక్కల జన్యువుల్ని తోడేళ్ల జన్యువులతో పోల్చి చూశారు. పిండిపదార్థం అరిగించే జన్యువు ప్రతులు కుక్కలో ఎన్నో రెట్లు ఎక్కువున్నాయి. వేల ఏళ్లు మనిషి గడపలో ఎంగిలి తిని సంపాదించుకున్న ఆస్తి అది. పాల సంగతి వేరు. పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్, అరిగే శక్తి కుక్కపిల్ల తల్లిపాలు మానేశాక తగ్గుతూ పోతుంది. పాలు తోడుకుంటే సూక్ష్మజీవులు ఆ చక్కెరలో కొంత తినేస్తాయి. నీళ్లు కలిపితే ఇంకా పలచనవుతుంది. అందుకే ఉత్త పాలు పడని కుక్కకు కూడా పలచటి సల్ల కాస్త పడొచ్చు.

ఇదంతా కాకాకు తెలియదు. మరి ఇన్నేళ్ల ప్రాక్టీసులో పెద్ద కేసేదీ ఎందుకు కాలేదంటే దానికి కారణం చిన్నమ్మ.

చిన్నమ్మ కాకా భార్య. కవ్వం ఆమెది, కుండ ఆమెది, అసలు మందుల షాపే ఆమెది. కాకా ఉట్టి డెలివరీ బాయ్. ఆమె లెక్క చాలా ఖచ్చితం. వెన్న తీసి కాస్తారు. చిక్కటి సల్ల ఇంట్లోవాళ్లకు. అందులో ఉప్పు, నలిపిన అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు పడతాయి. ఉల్లిగడ్డ ముక్కలు, ఎల్లిపాయ పోపు చుట్టాలొచ్చినప్పుడు. కుక్కల వాటా మాత్రం కుండ కడిగిన నీళ్లే. ఒక చెంబు నీళ్లు పోసి, కుండను నాలుగుసార్లు గిర్రున తిప్పి, అంచున అంటిన తెలుపంతా దింపి కాకా చేతిలో పెడుతుంది. 

"కుక్కలకు పోసేటందుకు ఉప్పు గూడ ఎందుకు దండుగ?"

ఇంతకంటే మంచి ప్రిస్క్రిప్షన్ ఏ పశువైద్యుడూ రాయడు. వెన్న లేదు, ఉప్పు లేదు, చక్కెర లేదు, మసాలా లేదు. కాకా కీర్తి మొత్తం ఆమె పిసినారితనం మీద నిలబడి ఉంది. చిన్నమ్మ ధారాళమైన మనిషయి చుట్టాల సల్లే కుక్కలకూ పోసి ఉంటే కథ వేరేలా ఉండేది. ఉల్లిగడ్డ, ఎల్లిపాయ కుక్క రక్తంలోని ఎర్రకణాల్ని చెడగొడతాయి. ఇరవై కిలోల కుక్కకు ఒక్కపూట వంద గ్రాముల ఉల్లిగడ్డ పడినా ముప్పే, ఎల్లిపాయ ఇంకా తక్కువతోనే. వండినా, ఎండబెట్టి పొడి కొట్టినా ఆ గుణం పోదు. పైగా నీరసం కొన్ని రోజులాగి బయటపడుతుంది. అప్పటికి సల్ల సంగతి ఎవరికి గుర్తుంటుంది? "దిష్టి తగిలింది" అంటారు.

ఒకే ఒక్కసారి కాకా చిన్నమ్మను దాటి పోయాడు. హైదరాబాద్ అల్లుడు లాబ్రడార్‌ను కార్లో తెచ్చాడు. పేరు బ్రూనో. ఇంట్లో మనుషులకు కూలర్ పెట్టుకుంటే ఎదురుగా అది పడుకుంది. అల్లుడి కుక్కకు కుండ కడిగిన నీళ్లు పోస్తే ఇజ్జత్ ఏం గావాలె? కాకా బాన్సువాడ పోయి పెద్ద గ్లాసు లస్సీ కట్టించుకొచ్చాడు. చక్కెర, మీద మందంగా మీగడ, ఆ మీద కాజు, కిస్‌మిస్. చిన్నమ్మ చూసింది.

"కుక్కకు కాజు గావాల్నా? కుక్కకు నేతికూడు ఇముడుతదా?"

అంటూనే కాజు, కిస్‌మిస్ ఒక్కొక్కటే ఏరి మనవలకు పంచింది. మిగిలింది బ్రూనో తాగింది. గ్లాసు నాకింది, కాకా మోచేయి నాకింది. ఆ రాత్రి కొత్త చాప పాడైంది. అల్లుడు రాత్రంతా ఫినాయిల్ డబ్బా పట్టుకుని తిరుగుతుంటే, కాకా మంచం మీద లేచి కూర్చుని ధైర్యం చెప్పాడు.

"ఏం గాదు అల్లుడా, పట్నం ఉడుకు పోతుంది."

చక్కెర, మీగడ కలిస్తే ఆ మాత్రం పారుకోవడం మామూలే. కొవ్వు మితిమీరితే క్లోమం వాచే ప్రమాదం కూడా ఉంది. చిన్నమ్మ ఏరి తీసేయకపోతే అసలు గండం ఆ కిస్‌మిస్‌లతో. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తాయని ఎప్పటినుంచో తెలుసు. ఎందుకో మాత్రం చాలాకాలం అంతుపట్టలేదు. 2021లో అమెరికాలో పశువైద్యుల అనుమానం ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లం మీదికి మళ్లింది. అదే ఆమ్లం దండిగా ఉన్నది దేంట్లోనంటే మన చింతపండులో. ఉల్లిగడ్డ పిసికి చేసే పచ్చిపులుసు ఎంగిలి కుక్క బువ్వలో పోసే ప్రతి ఇంటికీ ఈ కబురు అందాలి. సల్ల మీద చర్చలు పెట్టేవాళ్లెవరూ పచ్చిపులుసు ఊసెత్తరు. ఇంట్లో షుగర్ పేషెంటు ఉంటే ఇంకో మాట. షుగర్ ఫ్రీ సరుకుల్లో జైలిటాల్ ఉంటే అది మనిషికి హాయి, కుక్కకు విషం. అరగంటలో దాని ఒంట్లో చక్కెర పడిపోతుంది.

కాకా నమ్మకాల్లో నాకు నిజంగా కోపం తెప్పించేది ఒక్కటే. "సల్ల తాగే కుక్కకు పిచ్చి లేవది" అంటాడు. రేబిస్ ఉడుకు వల్ల రాదు, వైరస్ వల్ల వస్తుంది. దానికి టీకా తప్ప మార్గం లేదు. కుక్క కరిస్తే పుండును వెంటనే సబ్బుతో, పారే నీళ్ల కింద పావుగంట కడిగి దవాఖానకు పరుగెత్తాలి. 1885 జూలై 6న పాశ్చర్ ఒక పిల్లవాడికి మొదటిసారి ఆ టీకా ఇచ్చాడు. అందుకే ఆ తేదీన జూనోసిస్ దినం జరుపుతారు, పశువుల దవాఖానల్లో కుక్కలకు ఉచితంగా సూదులు వేస్తారు.

ఆ రోజు కాకా కూడా వస్తాడు. నమ్మి కాదు, జనం ఉంటారని. వాడకట్టు కుక్క మెడకు తువ్వాల కట్టి లైన్‌లో నిలబడతాడు. సూది వేసేటప్పుడు కుక్క కంటే ముందు తానే కళ్లు మూసుకుంటాడు. అయ్యాక అడగాల్సింది అడుగుతాడు.

"డాక్టరమ్మా, సూది మీద సల్ల పోయొచ్చా?"

"నీళ్లు పెట్టు తాతా. ఉప్పు, ఉల్లిగడ్డ లేకపోతే సల్ల కూడా రెండు చుక్కలు నాకనియ్యి, ఏం గాదు."

కాకా లైన్ మొత్తానికీ వినపడేలా వెనక్కి తిరిగాడు.

"ఇన్నరా? డాక్టరమ్మ గూడ సల్లనే రాసింది!"