పట్టీ బిగిస్తే పలికేదాన్ని

నేను బీపీ మిషన్ని. అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని నోవైలో ఒక తెలుగువారింట భోజనాల బల్ల పక్కన నా చోటు. మా వంశానికి మూలం ఇటలీ వైద్యుడు రీవా-రొచ్చి 1896లో చేసిన చేతిపట్టీ. ఆ పట్టీ వదులవుతున్నప్పుడు రక్తనాళంలో వినిపించే చప్పుళ్ళకు 1905లో రష్యా వైద్యుడు కొరొత్కోవ్ అర్థం చెప్పాడు. నాకు స్టెతస్కోపు అక్కర్లేదు. ధమని అదురు పట్టీలోని గాలికి తగులుతుంది, దాన్నిబట్టి పై అంకె, కింది అంకె లెక్కగడతాను.

నన్ను కొన్నది ఈ ఇంటి పెద్దావిడ కోసం. గుంటూరు నుంచి కూతురింటికి వస్తూ ఆవిడ పచ్చళ్ళతోపాటు నెలలకు సరిపడా ఎప్టాయిన్ మాత్రలు తెచ్చుకున్నారు. అవి ఫిట్సుకు. చిన్నప్పుడే వచ్చిన జబ్బు, మాత్ర మానకుండా వేసుకోబట్టి ఏళ్ళ తరబడి మళ్ళీ తిరగబెట్టలేదు. తెలిస్తే పెళ్ళి నిలవదన్న పాత భయంతో ఆ సంగతి మాత్రం బయట ఎవరికీ చెప్పరు. ఆవిడ పెళ్ళినాటి ఆ భయం ఊరికే పుట్టింది కాదు. పదేపదే మూర్ఛ రావడం పెళ్ళి రద్దుకు కారణమయ్యే నిబంధన హిందూ వివాహ చట్టంలో ఉండేది. దాన్ని 1999లో తీసేశారు. చట్టంలోంచి పోయింది గానీ మనసుల్లోంచి పోలేదు.

ఇక్కడికొచ్చాక బీపీ బయటపడింది. వాడుతున్న మందులేమిటని క్లినిక్‌లో అడిగితే ఆవిడ ఏమీ లేవన్నారు. డాక్టరు ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు రాశారు, తగ్గకపోతే 10 చేశారు. అయినా నా తెర మీద 164/94, 168/96 కనిపిస్తూనే ఉన్నాయి. ఉప్పు తగ్గించారు, ఆవకాయ మానేశారు. అయిదు నిమిషాలు కదలకుండా కూర్చుని, చెయ్యి గుండె ఎత్తున పెట్టి, మాట్లాడకుండా చూపించుకునేవారు. నా అంకెలో తప్పు లేదు. దాని వెనక కారణం చెప్పే శక్తి నాకు లేదు.

కారణం పట్టుకున్నది టాఫ్ట్ రోడ్డు వేంకటేశ్వరాలయంలో పరిచయమై, భోజనానికి వచ్చిన ఒక ఫార్మసిస్టు. మాత్రల డబ్బా చూసి, "పిన్నిగారూ, ఈ ఎప్టాయిన్ సంగతి బీపీ డాక్టరుగారికి చెప్పారా?" అని అడిగింది.

"అది వేరే జబ్బుదమ్మా. బీపీకి దానితో పనేముంది?"

పని ఉందని ఆ అమ్మాయి విడమరిచి చెప్పింది. ఎప్టాయిన్‌లో ఉండేది ఫెనిటోయిన్. 1908లో జర్మనీలో బిల్ట్జ్ తయారుచేశాడు. అది ఫిట్సును ఆపుతుందని 1930లలో బోస్టన్‌లో పుట్నం, మెరిట్ తేల్చారు. నోవైకి దగ్గరే ఉన్న డెట్రాయిట్ కంపెనీ పార్క్-డేవిస్ దాన్ని డైలాంటిన్ పేరుతో తెచ్చింది. లక్షల మందిని నిలబెట్టిన మందు. అయితే అది కాలేయంలో మందులను విరిచే ఎంజైములను పెంచుతుంది. ఆమ్లోడిపిన్‌ను విరిచేవీ అవే. అందుకే బీపీ మాత్ర పని చెయ్యాల్సినంత చెయ్యకుండానే కరిగిపోతుంది. ఫిట్సుకే వాడే కార్బమాజెపిన్, ఫినోబార్బిటాల్‌లదీ ఇదే దారి. కార్బమాజెపిన్‌కు మూత్రం ఎక్కువ పోయించే బీపీ మాత్ర తోడైతే ఒంట్లో సోడియం పడిపోయే ప్రమాదమూ ఉంది. ఫెనిటోయిన్‌నే నరంలోకి వేగంగా ఎక్కిస్తే బీపీ దిగిపోతుంది, గుండె లయ తప్పుతుంది. అందుకే పెద్దలకు నిమిషానికి 50 మిల్లీగ్రాములు మించకుండా ఎక్కిస్తారు. ఆసుపత్రుల్లో మావాళ్ళు రోగి చేతిని వదలకుండా కాపలా కాసేది అప్పుడే.

పెద్దావిడ ఈసారి డాక్టరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పారు. న్యూరాలజిస్టు ఆ ఎంజైములను కదిలించని లెవెటిరాసెటమ్ మొదలుపెట్టి, వారాల మీద దాన్ని పెంచుతూ ఫెనిటోయిన్ తగ్గించుకుంటూ వచ్చారు. నా ఉద్యోగంలో అసలు పరీక్ష అప్పుడే వచ్చింది. పాత మందు ఆగాక కాలేయం మెల్లగా మామూలు స్థితికి వస్తుంది, అదే ఆమ్లోడిపిన్ ఇప్పుడు పూర్తి బలంతో పనిచేస్తుంది. 150, 138 అంటూ దిగుతూ ఒక ఉదయం 104/62 చూపించాను. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయన్నారు. కూతురు నా అంకెలు రాసిన పుస్తకం చూసి వెంటనే డాక్టరుకు ఫోన్ చేసింది. మోతాదు మళ్ళీ 5కు తగ్గించారు. ఇప్పుడు 126/76 దగ్గర నిలకడగా ఉన్నారు.

ఫిట్సు మాత్ర మంచిది కాదని నేననడం లేదు. దాన్ని సొంతంగా ఆపితే ఫిట్సు ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి తేవచ్చు. ఫెనిటోయిన్‌తోనే హాయిగా ఉన్నవాళ్ళకు బీపీ మందునే మార్చవచ్చు. అది డాక్టరు తేల్చాల్సిన విషయం. నేను కోరేది ఒక్కటే. ఫిట్సు మందు మొదలుపెట్టినా, మార్చినా, ఆపినా కొన్ని వారాలు నన్ను రోజూ చేతికి కట్టండి, అంకెలు రాసి పెట్టండి. ఆ పుస్తకం, మాత్రల డబ్బా, ఇండియా మాత్రలతో సహా, ఇద్దరు డాక్టర్ల ముందూ పెట్టండి. సంబంధాలు చూసేవాళ్ళ దగ్గర దాచడం అలవాటైన జబ్బును వైద్యం చేసేవాళ్ళ దగ్గర కూడా దాస్తే, నేను ఎంత నిజం పలికినా మీకు ఉపయోగపడలేను.