మొక్కను కాస్త పైకెత్తండి సార్

జూన్ 5న పొద్దున పదకొండింటికి మా ఆఫీసు లాబీలో పర్యావరణం వెలిసింది, పన్నెండడుగుల ఫ్లెక్సీ మీద. అరచేతిలో భూగోళం, భూగోళం నెత్తిన మొలక, కింద ‘ప్లాస్టిక్‌ను తరిమికొడదాం’ అని పచ్చటి అక్షరాలు. వంద మైక్రాన్లకన్నా పల్చటి పీవీసీ బ్యానర్లను కేంద్ర ప్రభుత్వం 2022 జూలై 1 నుంచే నిషేధించింది. మాది అంతకన్నా దళసరిదే అయ్యుంటుంది. ప్లాస్టిక్‌ను తరమాలంటే ఆ మాత్రం మందం ఉండొద్దూ!

పెద్దాయన వచ్చారు. ముంబయి నుంచి పొద్దున ఫ్లైటుకొచ్చి సాయంత్రం ఫ్లైటుకు వెళ్లిపోయే పెద్దాయన. ఆయన చేతిలో ఒక కుండీ పెట్టారు. ‘మొక్కను కాస్త పైకెత్తండి సార్, కుండీ మీద లోగో కనబడాలి’ అన్నాడు ఫొటోగ్రాఫర్. ఎత్తారు. ఆ తర్వాత తొమ్మిది మంది వైస్ ప్రెసిడెంట్లు వరసగా అదే మొక్కను ఎత్తారు.

ఆ మొక్క మాది కాదు, అద్దెది. మా అంతస్తులో మొక్కలన్నీ అద్దెవే. ఎండ తగలని ఏసీ గదిలో పది పదిహేను రోజులకల్లా ఆకులు వేలాడేస్తాయి. అప్పుడు నర్సరీ వాళ్ల ట్రాలీ ఆటో వచ్చి వాటిని ఎక్కించుకుపోయి, కోలుకున్నవాటిని దించిపోతుంది. అంటే ఈ కొలువులో మనుషులకు ఎత్తేసిన వర్క్ ఫ్రమ్ హోమ్ మొక్కలకు మాత్రం ఉంది. మనీప్లాంటును చూసి కుళ్లుకునే రోజొకటి వస్తుందని నేననుకోలేదు.

‘మార్పు మన నుంచే మొదలవ్వాలి’ అన్నారు పెద్దాయన. మన అంటే మేము. కాగితం రెండువైపులా వాడాల్సింది మేము, రెండంతస్తులకు లిఫ్టు ఎక్కకూడనిది మేము, చేతులు తుడుచుకోవడానికి ఒక్క టిష్యూతో సరిపెట్టుకోవాల్సింది మేము. బాత్రూం అద్దం మీద దానికో స్టిక్కరు కూడా పడింది. రెండో టిష్యూ లాగినప్పుడల్లా అది నన్ను దొంగను చూసినట్టు చూస్తుంది.

సరే, టిష్యూ సంగతి నేను చూసుకుంటాను. ఏసీ సంగతి ఎవరు చూస్తారు? పెద్ద పెద్ద భవనాలను 24 డిగ్రీల దగ్గర ఉంచమని కేంద్ర విద్యుత్ శాఖ 2018లోనే బతిమాలింది. ఒక్క డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు మిగులుతుందని లెక్క కూడా చెప్పింది. 2020 నుంచి ఇళ్లలో పెట్టుకునే స్టార్ గుర్తు ఏసీలు 24 దగ్గరే మొదలవ్వాలని రూలు పెట్టింది. మా అంతస్తులో అంకె 19 దగ్గర పాతుకుపోయింది. మే నెలలో బయట రోడ్డు మీద తారు మెత్తబడుతుంటే, లోపల పిల్లలు శాలువాలు కప్పుకుని కోడ్ రాస్తుంటారు. వేళ్లు కొంకర్లు పోతున్నాయని ఫిర్యాదు చేశాం. ఏసీ తగ్గించలేదు. పర్యావరణ వారోత్సవ కానుకగా తలా ఒక హుడీ పంచారు. వీపు మీద ‘భూమిని చల్లగా ఉంచుదాం’ అని రాసి ఉంది. అన్నమాట నిలబెట్టుకున్నారనే చెప్పాలి. భూమి సంగతేమో గానీ ఆరో అంతస్తు చల్లగానే ఉంది.

అంత ఏసీ ఎందుకూ అంటే, అదో ఏడు చేపల కథ. వెలుతురు రావాలని గోడ మొత్తం అద్దం పెట్టారు. అద్దంలోంచి పడమటెండ కొడుతోందని తెరలు దించారు. తెరలు దించితే చీకటని పట్టపగలు లైట్లు వేశారు. కాగిన అద్దాలు, లైట్లు, కంప్యూటర్లు అన్నీ కలిసి ఉడకబెడుతుంటే ఏసీ పెంచారు. ఆ కథలో చివరికి చీమైనా కుట్టింది తానేనని ఒప్పుకుంది. ఇక్కడ ఎవర్ని అడిగినా ‘బిల్డింగ్ డిజైనే అంత సార్’ అంటారు. ఇంకోలా కట్టడం తెలియకనా? మా హైటెక్ సిటీ పక్కనే, 2004లో అబ్దుల్ కలాం ప్రారంభించిన సీఐఐ సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది. జాలీ గోడలు, గాలిని చల్లబరిచి లోపలికి పంపే బురుజులు, కప్పు మీద పచ్చిక, వాడిన నీళ్లను మొక్కల వేళ్లతో శుభ్రం చేసే ఏర్పాటు. అమెరికా బయట లీడ్ ప్లాటినం రేటింగు అందుకున్న మొదటి భవనంగా దానికి పేరు. మావాళ్లు బస్సు పెట్టి మమ్మల్ని తీసుకెళ్లి అదంతా చూపించారు కూడా. చూశాం, గ్రూప్ ఫొటో దిగాం, అద్దాలమేడకు తిరిగొచ్చాం.

ఇక రాకపోకలు. నేనుండేది ఉప్పల్ దాటాక. మెట్రో రాయదుర్గం దాకా తెస్తుంది, నిజమే. కానీ మా షిఫ్టు ముగిసేసరికి చివరి రైలు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. కాబట్టి కారు. ముప్పై కిలోమీటర్లు పెట్రోలు కాల్చుకుంటూ వచ్చి, బ్యాడ్జి గీకి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, పుణెలో కూర్చున్న మా టీముతో వీడియో కాల్‌లో మాట్లాడి, మళ్లీ ముప్పై కిలోమీటర్లు. ఈ పొగ ఎవరి ఖాతాలోకి పోతుంది? దానికీ ఒక ఉపాయం ఉంది. జనరేటర్‌లో కంపెనీ కాల్చిన డీజిల్ స్కోప్ 1, కొన్న కరెంటు స్కోప్ 2, ఉద్యోగుల రాకపోకలు స్కోప్ 3. పెద్ద లిస్టెడ్ కంపెనీలు వెయ్యింటిని 2022-23 నుంచి ఈ లెక్కలతో నివేదిక ఇవ్వమంది సెబీ. మొదటి రెండూ తప్పనిసరిగా రాయాలి, మూడోది ఇష్టముంటే రాయొచ్చు. మావాళ్లకు ఇష్టం కలగలేదు. దాంతో నివేదికలో కంపెనీ ఏటేటా పచ్చబడుతోంది, బయోడైవర్సిటీ జంక్షన్‌లో నేను నల్లబడుతున్నాను. జీవవైవిధ్యం పేరు పెట్టుకున్న ఆ కూడలిలో కనబడే జీవజాతి ఒక్కటే: కారుకో మనిషి.

సభ ముగిశాక కుర్చీల కింద రెండొందల పైచిలుకు పావులీటరు నీళ్ల సీసాలు మిగిలాయి. సగం తాగినవి కొన్ని, మూతైనా తీయనివి కొన్ని. మా అంతస్తు ఊడ్చే అక్క వాటిని ఏరి, నీళ్లు కుండీల్లో ఒంపి, సీసాలు నలిపి గోనెసంచిలో కుక్కింది. పాత సామాన్ల కొట్లో తూకానికి కొంటారు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆపాడు.

‘గేట్ పాసేది?’

‘చెత్తకు పాసేంది బిడ్డా?’

‘కంపెనీ చెత్త అమ్మా. రాతకోతలుండాలె.’

సంచి వెనక్కి తెప్పించి పెద్ద నల్ల కవర్లో ఒంపించాడు. పొడి చెత్త నీలం డబ్బా, తడి చెత్త ఆకుపచ్చ డబ్బా అప్పటికే అందులో ఒక్కటైపోయి ఉన్నాయి.

వారం తిరక్కముందే ‘గ్రీన్ ఛాంపియన్’ అవార్డు ప్రకటించారు. స్టిక్కర్లు అంటించిన ఫెసిలిటీ మేనేజరుకు. యాక్రిలిక్ జ్ఞాపిక, దాని చుట్టూ బబుల్ ర్యాపు, దాని చుట్టూ థర్మోకోలు, ఆపైన అట్టపెట్టె. ఆయన జ్ఞాపిక తీసుకుని ఫొటోకు వెళ్లిపోయాక తక్కినవన్నీ నా బల్ల పక్కన పడున్నాయి. అక్క చీపురు ఆపి వాటినోసారి, నన్నోసారి చూసింది.

‘గీ అట్టపెట్టెకు గూడ పాసు రాయించాల్నా సార్?’