ఓట్లు పోగొట్టే మేనిఫెస్టో రాయడం ఎలా?

సింగరేణి బొగ్గు గనుల్లో కార్మికుల తరఫున మాట్లాడే గుర్తింపు సంఘం ఎన్నికలు 1998లో మొదలయ్యాయి. అప్పటినుంచీ గోదావరిఖని గేటు మీటింగుల్లో పంచే కరపత్రాలన్నీ ఒకే తీరుగా ఉంటున్నాయి. కాగితం నిండా హామీలు, ప్రతిదాని చివరా ‘సాధిస్తాం’. ఈసారి పోటీకి దిగే యువ నాయకులకు నా సలహాలు ఇవి. పాతకాపులు చూస్తే ‘ఇట్లా రాస్తే ఉన్న ఓట్లు కూడా పోతయ్’ అంటారు. పోతే పోనీయండి, ఇట్లాగే రాయండి.

1. జీతం పెంచుతామని రాయకండి

బొగ్గు కార్మికుల వేతనం తేలేది జాతీయ స్థాయిలో, కోల్ ఇండియాతో కలిపి కూర్చునే జేబీసీసీఐ అనే ఉమ్మడి వేతన కమిటీలో. 2023 మేలో సంతకాలైన పదకొండో వేజ్‌బోర్డు ఒప్పందంలో 19 శాతం పెంపు అక్కడ కుదిరిందే. బాయి (గని) మీద గెలిచిన సంఘానికి జీతం పెంచే అధికారం లేదు, మాట్లాడే హక్కు ఉంది. ఆ హక్కుతో ఏం మాట్లాడతారో అదే రాయండి.

2. ప్రతి హామీ పక్కనా ఎవరి సంతకం కావాలో రాయండి

కాగితం మీద రెండు గడులు గీయండి. ఎడమవైపు హామీ, కుడివైపు సంతకం. బాయి మీద తాగునీళ్లు, క్యాంటీన్ అంటే గని మేనేజర్. క్వార్టర్ల మరమ్మతు అంటే ఏరియా జీఎం. కంపెనీలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది కాబట్టి పెద్ద హామీలు కొత్తగూడెంలోని ప్రధాన కార్యాలయం దాటిపోతాయి. 2023-24 లాభాల్లో 33 శాతం వాటా ఇస్తామని ప్రకటించింది హైదరాబాద్‌లో ముఖ్యమంత్రి. బొగ్గు బ్లాకుల వేలం ఢిల్లీ చేతిలో పని. ఆదాయపు పన్ను రద్దు చేయాలంటే పార్లమెంటు కావాలి. అలవెన్సుల మీద పడే పన్నును కంపెనీయే భరించాలంటే యాజమాన్యం ఒప్పుకుంటే చాలు. ఈ రెంటినీ కలిపి ‘ఐటీ మాఫీ’ అని రాసేస్తే కార్మికుడు ఎవరిని నిలదీయాలో తెలియక మిగిలిపోతాడు.

3. వారసత్వ ఉద్యోగాల దగ్గర చేదు ముక్క ముందు రాయండి

ఖనిలో ఇంతకన్నా ఓట్లు రాల్చే హామీ లేదు. తండ్రి మోకాళ్లు అరిగిపోయి ఉంటాయి, కొడుకు చదువు ముగించి పని కోసం చూస్తుంటాడు. ఆ ఇంటి ఆశతో ఆడుకోకండి. 2016లో ప్రకటించిన వారసత్వ పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేసింది, సుప్రీంకోర్టులోనూ ఊరట దొరకలేదు. ఆ తర్వాత మిగిలింది కారుణ్య నియామకాల దారి. అనారోగ్యంతో పని చేయలేని కార్మికుణ్ని మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేస్తేనే ఆ ఇంటి బిడ్డకు అవకాశం. ఇంత కథా చెప్పాకే మీ మాట చెప్పండి. బోర్డు నెలనెలా కూర్చునేట్టు చూస్తామనండి, కాదన్న ప్రతి కేసులో కారణం రాతపూర్వకంగా అడుగుతామనండి. దళారికి పైసా ఇవ్వొద్దని కూడా అందులోనే రాయండి.

4. ఓటు లేనివాళ్ల పేరున ఒక హామీ రాయండి

1990ల మొదట్లో లక్ష దాటిన పర్మినెంట్ కార్మికులు 2023 ఎన్నికల నాటికి దాదాపు 40 వేలకు వచ్చారు. బొగ్గు ఉత్పత్తి మాత్రం పెరిగింది. ఓపెన్‌కాస్ట్ గనుల్లో మట్టి ఎత్తేవాళ్లలో ఎక్కువమంది కాంట్రాక్టు కార్మికులే. గుర్తింపు ఎన్నికల్లో వాళ్లకు ఓటు లేదు, అందుకే మేనిఫెస్టోల్లో వాళ్ల మాట చిట్టచివర వస్తుంది. లాభాల్లోంచి వాళ్లకు మొదటిసారి ఏమైనా అందింది 2024లో, తలా 5 వేలు. అదే ఏడాది పర్మినెంట్ కార్మికుడికి సగటున లక్షా 90 వేలు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన అచ్చు వేయండి. మీకు ఓటేసే అన్నకు ఇబ్బందిగా ఉంటుంది, అయినా వేయండి.

5. రక్షణను అన్నింటికన్నా పైన పెట్టండి

జరగని ప్రమాదానికి ఎవరూ చప్పట్లు కొట్టరు. అందుకే రక్షణ హామీతో ఓట్లు పడవు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో నీళ్లు విరుచుకుపడి 17 మంది పోయారు. మీ కాగితం ఆ తేదీతో మొదలవ్వాలి. ‘భద్రతకు పెద్దపీట’ లాంటి ముక్కలు వద్దు. పైకప్పు బాగాలేదని పని ఆపిన కార్మికుడి మస్టర్ పోకుండా నిలబడతామనీ, రక్షణ కమిటీ సమావేశంలో ఏం తేలిందో నోటీసు బోర్డు మీద అంటిస్తామనీ రాయండి.

6. ఓడిపోతే ఏం చేస్తారో రాయండి

2023 డిసెంబరు 27న జరిగిన ఎన్నికల్లో ఏఐటీయూసీ 1,999 ఓట్ల ఆధిక్యంతో గుర్తింపు సంఘంగా గెలిచింది. 11 ఏరియాల్లో ఆరింట మాత్రం ఐఎన్‌టీయూసీ నెగ్గి ఆ ఏరియాల ప్రాతినిధ్య సంఘమైంది. రామగుండం రీజియన్‌లోనే ఆర్జీ-1, ఆర్జీ-2 ఒకరివి, ఆర్జీ-3 ఇంకొకరిది. కంపెనీ మొత్తం మీద ఓడినా మీ ఏరియాలో పని ఉండొచ్చు. ఏరియాలోనూ ఓడితే, గెలిచినవాళ్లు తెచ్చే ఏ ఒప్పందానికి అడ్డుపడరో ముందే చెప్పండి.

7. ఒక్క కాగితం, ఒక్క తేదీ

మొదటి షిఫ్టుకు వచ్చే మనిషి మీ కరపత్రం అందుకున్నాక మస్టర్ పడాలి, క్యాప్ ల్యాంప్ తీసుకోవాలి, దిగాలి. చదివేందుకు దొరికేది గేటు నుంచి ల్యాంప్ రూమ్ దాకా నడిచే సేపే. కాబట్టి ఒకే కాగితం, పెద్ద అక్షరాలు. ముందు వైపు కొత్త హామీలు. వెనక వైపు పోయినసారి మీ సంఘం ఇచ్చిన హామీలు, వాటిలో ఏవి జరిగాయి, ఏవి జరగలేదు, ఎవరి సంతకం దగ్గర ఆగాయి. అడుగున ఒక తేదీ వేయండి. గెలిచినా ఓడినా ఆ రోజు అదే గేటు దగ్గర నిలబడి లెక్క చెప్తామని రాయండి. ఇట్లా రాసి ఓడినవాళ్లను కార్మికులు మరోసారి నమ్ముతారు. మోసపు హామీతో గెలిచినవాడికి మాత్రం యాజమాన్యం ముందు కూర్చున్నప్పుడు వెనక నిలబడే మనిషి ఉండడు. వెనక మనిషి లేని సంఘం మాట ఏ మేనేజరూ వినడు.