గన్ను ఉస్తాద్

గద్వాలలో అయిజ రోడ్డో రాయచూరు రోడ్డో పట్టుకుని, ఊరు పలచబడేదాకా పోతే ఓ రేకుల షెడ్డు వస్తుంది. దాని ముందు అద్దాలకు పాత న్యూస్‌పేపర్లు అంటించుకున్న బొలెరో ఒకటి నిలబడి ఉంటుంది. అదే గన్ను ఉస్తాద్ కొలువు. వనపర్తిలోనూ నాగర్‌కర్నూల్‌లోనూ ఆయన బాపతు వాళ్లున్నారు గానీ, అసలు సరుకు గద్వాలదే. సొట్టలు తీసేవాడు వేరు, పుట్టీ రుద్దే పిల్లలు వేరు. ఈయన బండ్ల రంగు మీద క్లియర్ కొట్టే మనిషి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, క్లియర్ ఏ స్ప్రే గన్నుతో కొట్టాలో తేల్చే మనిషి. కొట్టడానికి గంట పడితే తేల్చడానికి వారం పడుతుందని బండ్ల ఓనర్లు గొణుక్కుంటారు. ఆయన మొహం మీద మాత్రం ఎవరూ అనరు. బండి ఆయన షెడ్డులో ఉంది కదా!

ఉస్తాద్ బెట్టుకు కారణం లేకపోలేదు. ఇప్పటి కార్లకు రంగు రెండు అంచెల్లో పడుతుంది. ముందు కొట్టే బేసు ఆరాక సుద్ద పూసినట్టు వెలవెలబోతుంది. షోరూమ్ మెరుపంతా పైన పడే క్లియర్‌ది. బేసులో తేడా వస్తే ఇంకో చెయ్యి కొట్టి కప్పెయ్యొచ్చు. క్లియర్‌లో దాపరికం చెల్లదు. తుంపర సన్నగా చీలకపోతే నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా ఆరుతుంది, ఆశపడి ఎక్కువ కొడితే డోరు మీద కారిపోతుంది. ఈ రెంటికీ నడుమ ఉన్న సందు బహు ఇరుకు. ఆ సందులోంచి దూరిపోయే గన్ను కోసమే ఉస్తాద్ తపస్సు.

ఆయన గన్ను కొనే వైనం చూడాలంటే వెంట రైలెక్కి కాచిగూడలో దిగి, సికింద్రాబాద్ రాణీగంజ్ దాకా పోవాలి. పెబ్బేరు సంతలో రైతు ఎద్దు నోరు తెరిచి పళ్లు చూసినట్టు, ఉస్తాద్ ముందు ఎయిర్ క్యాప్ విప్పుతాడు. చిల్లులన్నీ గుండ్రంగా ఉన్నాయా, అంచుల్లో గరుకులు మిగిలాయా అని వెలుతురుకు పెట్టి చూస్తాడు. తర్వాత నీడిల్ లాగి గోటి మీద దొర్లిస్తాడు, వంకర తెలియడానికి. నాజిల్ మీది అంకె చదువుతాడు. చివరికి ఖాళీ గన్ను ట్రిగ్గర్ నొక్కి చెవి దగ్గర పెట్టుకుంటాడు. ఏం వింటాడో ఆయనకే తెలియాలి. కొట్టువాడు చాయ్ తెప్పిస్తాడు, చాయ్ ఖర్చు ధరలో కలిపేస్తాడు.

నిజానికి ఈ తనిఖీలో తప్పేమీ లేదు. బజారులో జపాన్ అనెస్ట్ ఇవాటా వాళ్ల డబ్ల్యూ-400కూ, జర్మనీ సాటా గన్నులకూ నకళ్లు కుప్పలు. పైకి బాడీ ఒకేలా తళతళలాడుతుంది. తేడా అంతా నాజిల్, క్యాప్ చెక్కడంలో ఉంటుంది. గాలి అన్ని చిల్లుల్లోంచీ సమంగా రాకపోతే విసనకర్రలా పరుచుకోవాల్సిన తుంపర ఒకవైపే బరువై, అటువైపే కారుతుంది. అసలు సరుకు పదుల వేలల్లో ఉంటుంది. ఉస్తాద్ అసలుదాన్ని అరగంట చేతిలో పట్టుకుని, నకలుకు డబ్బులిచ్చి వస్తాడు. ఇంటికొచ్చాక దాన్ని గద్వాల చీర వచ్చిన అట్టపెట్టెలో పడుకోబెడతాడు. చీర పాలిథీన్ కవర్లోకి మారుతుంది. భార్య దీని మీద రెండు రోజులు మాట్లాడదు. ఆ మౌనాన్ని ఆయన గన్నుకు దక్కిన గౌరవం కింద జమ కట్టుకుంటాడు.

"ఎంతాయె ఉస్తాద్?" అంటాడు బొలెరో ఓనర్, సీడ్ పత్తి రైతు.

"ధర గాదన్నా, టెక్నిక్ జూడు. హెచ్‌వీఎల్‌పీ గిది. గాలి ఎక్కువ, ఒత్తిడి తక్కువ. మందు గాలిల గల్వదు, సీదా బండికే అంటుకుంటది."

"గట్లయితే మా పత్తికి గూడ కొట్టొచ్చు గద?"

ఉస్తాద్ జవాబు చెప్పడు. పామరులతో వాదన ఆయనకు గిట్టదు.

చెప్పింది మాత్రం అబద్ధం కాదు. పాత గన్నులు 40, 50 పీఎస్‌ఐ ఒత్తిడితో విసిరితే రంగు రేకుకు తగిలి వెనక్కి ఎగిరేది. సగానికి పైగా మేస్త్రీ మీసాల మీదో పక్కింటి బట్టల మీదో పడేది. అమెరికాలో, ముఖ్యంగా దక్షిణ కాలిఫోర్నియాలో పొగమంచులా కమ్మే కాలుష్యానికి విసిగి 1980ల చివర్లో నియమాలు బిగించారు. రంగులో కనీసం 65 శాతమైనా బండికే అంటాలన్నారు. హెచ్‌వీఎల్‌పీ గన్నులకు గిరాకీ పెరిగింది అప్పుడే. వీటి క్యాప్ దగ్గర ఒత్తిడి 10 పీఎస్‌ఐ దాటదు. ఒత్తిడి తగ్గించినందుకు బదులుగా గాలి బోలెడు తాగుతాయి.

కథ అడ్డం తిరిగేది అక్కడే. ఇలాంటి గన్ను నిమిషానికి పన్నెండు, పద్నాలుగు ఘనపుటడుగుల గాలి అడుగుతుంది. ఉస్తాద్ షెడ్డు మూల నీలిరంగు కంప్రెసర్‌ది 2 హెచ్‌పీ మోటారు. హెచ్‌పీకి మూడు, నాలుగు ఘనపుటడుగులకు మించి అది ఇవ్వదు. పైగా దానికి తగిలించింది ట్రాక్టరు కాడ దొరికిన సన్నపాటి పైపు, అదీ షెడ్డు చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి వస్తుంది. బానెట్ సగం దాకా గన్ను రాజాలా నడుస్తుంది. మిగతా సగానికి ఊపిరందక తుంపర ముద్దలు కడుతుంది. ఉస్తాద్ ఆగి, కంప్రెసర్ దడదడలాడి నిండేదాకా బీడీ కాల్చుకుంటాడు. తర్వాత బానెట్ కేసి చూస్తే ఒకవైపు అద్దం, ఇంకోవైపు నారింజ తొక్క. "నాజిల్‌ల ఫరకున్నది" అని తీర్పు చెబుతాడు. ఇంతవరకూ కంప్రెసర్ మీద ఒక్క కేసూ పెట్టలేదు.

కేసు పెట్టాల్సినవి ఇంకా ఉన్నాయి. ఏప్రిల్‌లో పాలమూరు ఎండ 42 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి నిదానంగా ఆరే హార్డ్‌నర్, థిన్నర్ కలపాలి. చలికాలంలో మిగిలిన ఫాస్ట్ డబ్బా కలిపితే తుంపర రేకు మీద పడేలోపే సగం ఆరిపోతుంది. వానాకాలంలో కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీళ్లు వదలకపోతే చుక్కలు చుక్కలుగా క్లియర్‌లోకి వచ్చి పడతాయి. డ్యాష్‌బోర్డుకు ఓనరు ప్రేమగా కొట్టిన సిలికాన్ పాలిష్ అంటుకున్నచోట క్లియర్ నిలవక గుండ్రంగా విడిపోతుంది. తొలకరి సాయంత్రం లైటు వేసి కొట్టబోతే ఈసుళ్లు ఊరికే ఉంటాయా? డిక్కీ మీద రెక్కలతో సహా వచ్చి వాలతాయి. వీటన్నిటికీ ఉస్తాద్ దగ్గర ఒకటే మందు: వేరే గన్ను.

వనపర్తి ఉస్తాద్‌ది ఇంకో తరహా. రాజావారి ప్యాలెస్‌లోనే పాలిటెక్నిక్ నడిచే ఊరు కదా, లెక్కల మనిషి. 1.3 నాజిలా, 1.4 నాజిలా అన్నదే ఆయన జీవిత సమస్య. క్లియర్‌కు రెండూ నప్పుతాయి, చిక్కదనాన్ని బట్టి, చేతివేగాన్ని బట్టి. తేడా మిల్లీమీటరులో పదో వంతు. ఆ పదో వంతు మీద మూడు చాయ్‌లు తాగి, ఓ దోస్తీ చెడగొట్టుకుంటాడు. ఇంతా చేసి షెడ్డు తలుపు కింద జానెడు సందు వదిలేసి, ఎదుటి రోడ్డు మీద ట్రాక్టరు రేపిన దుమ్మంతా తడి క్లియర్ మీదికి ఆహ్వానిస్తాడు.

నాగర్‌కర్నూల్ ముసలాయనకు ఈ గొడవేమీ లేదు. బొంబాయి వలసపోయి పని నేర్చుకుని, అక్కడే కొన్న పాత పైలట్ గన్నుతో తిరిగొచ్చాడు. కప్పు కింద వేలాడే రకం. ఆయన నోట ఇప్పటికీ ప్రతి రంగూ డూకోయే. 1923లో డ్యూపాంట్ కంపెనీ జనరల్ మోటార్స్ కార్ల కోసం తెచ్చిన రంగు పేరది. బ్రష్షు రోజుల్లో వారాల తరబడి ఆరే బండ్లు దానితో గంటల్లో ఆరాయి, గన్ను చేతబట్టే మేస్త్రీకి వైభోగం వచ్చింది. ముసలాయన గన్ను పిడి దగ్గరే గేజి బిగించి, ట్రిగ్గర్ నొక్కి ఉంచి అంకె చూస్తాడు. నొక్కకముందు చూపే అంకెకు విలువ లేదంటాడు. ఆరేడు అంగుళాల దూరం, ముందు పట్టీ మీద సగానికి పైగా పడేలా తర్వాతి పట్టీ, రెండు పూతల నడుమ వేలితో ముట్టి చూసే ఓపిక. బండి మాత్రం అద్దంలా వస్తుంది. గద్వాల ఉస్తాద్ దాన్ని వంగి, పక్కకొంగి, కింద కూర్చుని చూసి, "మంచిగనే ఉన్నది గని, పాత గన్ను" అంటాడు.

ముక్కు సంగతి వచ్చేసరికి ముగ్గురూ ఒకటే. క్లియర్‌లో కలిపే హార్డ్‌నర్‌లో ఐసోసైనేట్లుంటాయి. పీల్చగా పీల్చగా ఉబ్బసం పట్టుకునే ప్రమాదం ఉంది. గన్ను మీద వేలు పోసే మనిషి మాస్కు దగ్గరికొచ్చేసరికి భుజం మీది టవల్‌తో సరిపెడతాడు. ఇందులో ఒక చమత్కారముంది. ఈ గన్ను వంశానికి మూలపురుషుడు పెయింటరు కాదు, అమెరికా టొలీడోలో గొంతు జబ్బులు చూసే డాక్టరు అలెన్ డెవిల్‌బిస్. రోగుల గొంతులోకి మందు చల్లడానికి 1880లలో ఆయనో బుడ్డి తయారుచేశాడు. కొడుకు థామస్ 1907లో ఆ సూత్రాన్నే రంగుల మీదికి మళ్లించాడు. గొంతులు బాగుచేసే తండ్రికి కొడుకు పని కల్పించాడన్నమాట.

ఈ మధ్య నాగర్‌కర్నూల్ ముసలాయన గద్వాల వచ్చి, షెడ్డు మూల కూర్చుని దడదడలాడే కంప్రెసర్ను చాలాసేపు విన్నాడు.

"గన్ను మంచిదే బిడ్డా. గాలే లేదు. ఐదు హెచ్‌పీది కొను, లావు పైపెయ్యి."

మాట ఉస్తాద్‌కు తలకెక్కింది. కరెంటాఫీసుకు పోయి త్రీఫేజ్ సంగతి కనుక్కున్నాడు. కంప్రెసర్ రేట్లు రాసుకున్నాడు. బొలెరో ఓనర్ దగ్గర అడ్వాన్సు కూడా తీసుకుని, తెల్లారి రైలుకు రాణీగంజ్ పోయాడు. రాత్రికి తిరిగొచ్చాడు, చంకలో చిన్న డబ్బాతో.

"కంప్రెసర్ యాడున్నది ఉస్తాద్?" అన్నాడు ఓనర్.

"వచ్చే నెల జూద్దాం గని, గిది జూడన్నా. బేసుకు వేరే గన్నుండాలె. 1.2 నాజిల్."