అయ్యా, పాత హై అలర్ట్ ఎప్పుడు ఎత్తేశారు?

మహారాజశ్రీ హై అలర్ట్ ప్రకటించు అధికారివర్యుల దివ్య సముఖమునకు, హైదరాబాదు నగరవాసి ఒకడు చేసుకొను విన్నపము.

విషయం: హై అలర్ట్ ముగింపు తేదీ తెలియజేయుట గురించి.

అయ్యా,

తమరు ఢిల్లీలో ఉంటారో, లక్డీకాపూల్‌లో ఉంటారో నాకు తెలియదు. "నగరంలో హై అలర్ట్ ప్రకటించారు" అని టీవీలో ఎర్ర స్క్రోలింగ్ పరుగెడుతుందే గానీ, ఎవరు ప్రకటించారో అందులో ఉండదు. వెనకాల ఒక పోలీసు జాగిలం రైల్వే ప్లాట్‌ఫారం మీద సూట్‌కేసులు వాసన చూస్తుంటుంది. ఏటా అదే జాగిలం, అవే సూట్‌కేసులు. పాపం, ఆ కుక్క ఈపాటికి రిటైరయ్యే ఉంటుంది. తమ చిరునామా దొరక్క ఈ ఉత్తరాన్ని బహిరంగంగా రాస్తున్నాను. ఎవరికి చెందితే వారు స్వీకరించగలరు.

నా సందేహం చిన్నది. కర్ఫ్యూ పెడతారు, సడలిస్తారు, ఎత్తేస్తారు. 144 సెక్షన్ పెట్టేవారు, ఎత్తేసేవారు. అంతటి లాక్‌డౌన్‌నే ఎత్తేశారు. హై అలర్ట్ ఎత్తేసినట్టు మాత్రం నేను ఏ పేపర్లోనూ చదవలేదు. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు, హై అలర్ట్. అదే ఏడాది ఆగస్టు 25న లుంబినీ పార్కులో, కోఠీ గోకుల్ చాట్‌లో పేలుళ్ళు, హై అలర్ట్. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్, మళ్ళీ హై అలర్ట్. ఇవి కాక ఏటా జనవరి 26కి ఒకటి, ఆగస్టు 15కి ఒకటి, ఢిల్లీలోనో ముంబైలోనో ఏదైనా జరిగితే ఇక్కడ మరొకటి. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉన్నాయా? లేక మాకు చెప్పకుండా మధ్యలో ఎప్పుడైనా దించారా? దించి ఉంటే, మేం నిశ్చింతగా ఉండాల్సిన ఆ నాలుగు రోజులూ ఊరికే పోయినట్టే కదా!

ప్రజలు పట్టించుకోవడం లేదని తమవారు అప్పుడప్పుడూ బాధపడుతుంటారు. మేం ఎలా పట్టించుకుంటున్నామో ఒక ముక్క మనవి చేస్తాను. ఓ ఆగస్టు 14 సాయంత్రం నేనూ మా ఆవిడా సినిమాకి వెళ్ళాం. మాల్ ముందు మెటల్ డిటెక్టర్ గేటు ఉంది. అది లోపలికి వచ్చిన ప్రతివాడికీ కుయ్యిమంటోంది. ఎవరూ ఆగడం లేదు, ఎవరూ ఆపడం లేదు. గేటు దగ్గర కుర్రాడు చేతికర్రలాంటి పరికరంతో నా చొక్కా జేబు తడిమి "వెళ్ళండి సార్" అన్నాడు. "ఏం తమ్ముడూ, ఇవాళ హై అలర్ట్ అంట కదా, ఏం మారింది?" అని అడిగాను. "ఏం లేదు సార్, రోజూ ఇదే. ఇవాళ టోపీ తప్పకుండ పెట్టుకోమన్నరు" అన్నాడు.

పక్క వరుసలో లేడీ గార్డు మాత్రం మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టీ పెట్టగానే అడుగున రుమాలు కింద దాచిన చెగోడీల పొట్లం బయటికి లాగింది. నాకు కోపం రాలేదు, గౌరవం కలిగింది. ఏం వెతకాలో, ఎక్కడ వెతకాలో, దొరికితే ఏం చేయాలో ఆమెకు ఎవరో స్పష్టంగా చెప్పారు. బయటి తిండి లోపలికి రాకూడదన్నది నిఖార్సయిన ఆదేశం. "అప్రమత్తంగా ఉండాలి" అన్నది ఆదేశం కాదు, ఆశీర్వచనం. ఆశీర్వచనానికి తల వంచుతాం, వెళ్ళిపోతాం.

మరి ఈ జనానికి హెచ్చరికంటేనే లెక్కలేదా? మాది బందరు. మా వైపు రేవులో ప్రమాద సూచిక ఎగరేస్తారు. ఒకటో నంబరంటే దూరంగా సముద్రంలో ఏదో కదులుతోందని, పదో నంబరంటే నెత్తిమీదికి వస్తోందని అక్షరం ముక్క రాని జాలరికి కూడా తెలుసు. నంబరు పెరిగితే పడవలు పైకి లాగుతారు, వలలు ఎత్తేస్తారు, ముసలివాళ్ళనీ పసివాళ్ళనీ ముందు పంపేస్తారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పది వేల మందికి పైగా కొట్టుకుపోయారు. అప్పుడు హెచ్చరిక ఊళ్ళకు అందాల్సినట్టు అందలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ నడిబొడ్డున తీరం దాటింది. ఊరంతా ఛిన్నాభిన్నమైంది గానీ ప్రాణనష్టం పదుల్లో ఆగింది. ఎక్కడ, ఎప్పుడు, ఎంత గాలితో అన్నది ముందే చెప్పారు, జనం కదిలారు. వాతావరణ శాఖవారి రంగుల్లో కూడా పనే ఉంటుంది. పసుపంటే గమనిస్తూ ఉండండి, నారింజంటే సిద్ధపడండి, ఎరుపంటే కదలండి. తుఫాను దాటాక "ముప్పు తప్పింది" అని కూడా వాళ్ళే చెబుతారు. అదే మనుషులు బందరు నుంచి బస్సెక్కి హైదరాబాదు ఎంజీబీఎస్‌లో దిగగానే బాధ్యత లేనివాళ్ళు అయిపోతారా?

తమరు చెప్పబోయేది తెలుసు. తుఫాను బులెటిన్ చదివి దారి మార్చుకోదు, ఉగ్రవాది మార్చుకుంటాడు. ఏ ఊరో, ఏ వీధో బయటపెడితే సమాచారం ఇచ్చినవాడి ప్రాణం మీదికొస్తుంది. నూటికి నూరుపాళ్ళు నిజం, ఒప్పుకుంటాను. చోటు చెప్పొద్దు. కానీ ఏం చూడాలో, చూస్తే ఏం చేయాలో, ఎన్నాళ్ళ దాకా చేయాలో చెప్పడానికి ఏ రహస్యం అడ్డం వచ్చింది? శంషాబాద్ విమానాశ్రయంలో పంద్రాగస్టు ముందు సందర్శకుల పాసులు ఆపేస్తారు, ఏ తేదీ దాకా ఇవ్వరో ముందే చెబుతారు. కొడుకుని అమెరికా పంపడానికి వచ్చిన తల్లిదండ్రులు బయటే నిలబడి కళ్ళు తుడుచుకుంటారు గానీ గొడవ చేయరు. చెయ్యాల్సింది తెలిసింది, గడువు తెలిసింది.

అమెరికా అంటే గుర్తొచ్చింది. ఈ విద్యలో వాళ్ళు మనకంటే ముందు చెయ్యి కాల్చుకున్నారు. జంట భవనాలు కూలాక, 2002 మార్చిలో ఐదు రంగుల హెచ్చరిక పెట్టారు: ఆకుపచ్చ, నీలం, పసుపు, నారింజ, ఎరుపు. తొమ్మిదేళ్ళలో ఒక్కసారంటే ఒక్కసారి దేశం మొత్తానికి నీలం గానీ ఆకుపచ్చ గానీ రాలేదు. దించితే రేపేదైనా జరిగినప్పుడు ఎవరు జవాబు చెప్పాలన్న భయం అక్కడా ఇక్కడా ఒకటే. 2003 ఫిబ్రవరిలో నారింజకు ఎక్కించి, విషవాయువు వస్తే కిటికీలు మూసుకోవడానికి ప్లాస్టిక్ షీటు, డక్ట్ టేపు ఇంట్లో పెట్టుకోమని చెప్పారు. జనం దుకాణాల మీద పడ్డారు, చాలాచోట్ల టేపు దొరకలేదు. కొందరు ఆత్రంగా ఇళ్ళు చుట్టేసుకోవడం మొదలెడితే, వారం తిరక్కముందే మంత్రి టామ్ రిడ్జ్ బయటికొచ్చి "ఇప్పుడే అంటించకండి బాబూ" అని సర్దిచెప్పాల్సి వచ్చింది. ఎడిసన్‌లో ఉండే మా చిన్నాన్న కొడుకు అప్పుడు అరడజను చుట్టలు కొన్నాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు వాడు ఇండియా వచ్చి వెళ్ళేటప్పుడల్లా మా పిన్ని ఇచ్చే ఆవకాయ డబ్బా మూతలకి ఆ టేపే చుట్టాడు. నూనె చుక్క కారలేదు. ఉగ్రవాద నిరోధక చర్యల్లో మా కుటుంబం కళ్ళారా చూసిన ఫలితం ఇదొక్కటే.

అదే రిడ్జ్ గారు పదవి దిగాక 2009లో ఒక పుస్తకం రాస్తూ, 2004 ఎన్నికలకు కాస్త ముందు హెచ్చరిక స్థాయి పెంచమని తోటి పెద్దలు పట్టుబట్టారని, అందులో రాజకీయం ఉందేమోనని తనకు అనుమానం కలిగిందని రాసుకున్నారు. చివరికి 2011 ఏప్రిల్‌లో రంగులు తీసేశారు. కొత్త పద్ధతిలో హెచ్చరిక ఇస్తే దానికి గడువు తేదీ ఉండాల్సిందే. ఆ తేదీ దాటితే దానంతటదే రద్దవుతుంది, కావాలంటే మళ్ళీ కారణం చెప్పి పొడిగించుకోవాలి. బ్రిటన్‌వారు కూడా 2017 మే 22న మాంచెస్టర్‌లో 22 మంది చనిపోయాక మర్నాడు హెచ్చరికను అన్నిటికంటే పై మెట్టుకు ఎక్కించారు, 27వ తేదీన ఒక మెట్టు దించి ఆ మాట జనానికి చెప్పారు. దాడి జరిగితే పారిపోండి, దాక్కోండి, పోలీసుకు చెప్పండి అని మూడు ముక్కల్లో పిల్లలకు కూడా నేర్పారు. దించడం నామోషీ అనుకోలేదు.

ఇక మన దిల్‌సుఖ్‌నగర్ సంగతి. 2007 ఆగస్టు 25 రాత్రే అక్కడ ఫుట్‌ఓవర్ బ్రిడ్జి దగ్గర పేలని బాంబు ఒకటి దొరికింది. అదృష్టం ఆ రోజుకు కాపాడింది. ఐదున్నరేళ్ళ తర్వాత అదే దిల్‌సుఖ్‌నగర్‌లో, ఆఫీసులు వదిలి జనం బస్టాపుల్లో మూగిన వేళ, సైకిళ్ళ మీద పెట్టిన బాంబులు రెండు పేలాయి. 18 మంది పోయారు. రెండు రోజుల ముందే రాష్ట్రాలకు సమాచారం ఇచ్చామని కేంద్ర హోంమంత్రి సుశీల్ కుమార్ షిండే ఆ రాత్రే అన్నారు. అలాంటివి మామూలుగా వచ్చేవేనని రాష్ట్రం అంది. ఇద్దరూ చెప్పింది నిజమే కావచ్చు. అసలు బాధ అదే. సైకిల్ మీద బాంబు కొత్త ఎత్తుగడ కాదు, 2008లో జైపూర్‌లో చూసిందే. ఆ బస్టాపు దగ్గర మిర్చిబజ్జీలు వేసేవాడికీ, పళ్ళబండి అమ్మకీ ఎవరి సైకిల్ ఎవరిదో తెలుసు. "ఎవరిదో తెలియని సైకిల్ స్టాండు వేసి ఉంటే ఈ నంబరుకు ఫోన్ చెయ్యి" అన్న ఒక్క వాక్యం వాళ్ళ దాకా వచ్చి ఉంటే దారుణం తప్పేదని నేను అనను. కానీ ఆ వాక్యానికి ఒక పని ఉండేది. ఫైళ్ళలో తిరిగిన హెచ్చరికకు పేలుడు ముందు ఏ పనీ లేదు, పేలుడయ్యాక మాత్రం ఉంది: "మేం ముందే చెప్పాం" అనడానికి అక్కరకొచ్చింది. బాంబులు పెట్టినవాళ్ళ లెక్క న్యాయస్థానం చూసింది. 2016లో ఐదుగురికి ఉరిశిక్ష పడింది, 2025 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని ఖరారు చేసింది. ఆ హెచ్చరిక ఏ బల్ల మీద ఆగిపోయిందన్న లెక్క నాబోటివాడికి ఎవరూ చెప్పలేదు.

అందుకే నాకు తమ హై అలర్ట్ అంటే ఈర్ష్య. ఓడిపోవడం దానికి తెలియదు. ఏమీ జరక్కపోతే అలర్ట్ వల్లే జరగలేదు. జరిగితే అలర్ట్ ముందే ఇచ్చాం. వాతావరణ శాఖ ఒంగోలు దగ్గర తీరం దాటుతుందన్న తుఫాను కావలి దగ్గర దాటితే మర్నాడు టీ కొట్టు దగ్గర కూడా నిలదీస్తాం. తమరిని నిలదీసే వీలే లేదు.

ఓడిపోవడం మాత్రం వేరే ఎవరికో రాసిపెట్టి ఉంటుంది. "అనుమానాస్పద వ్యక్తులు కనబడితే తెలపండి" అంటారు గానీ అనుమానాస్పదం అంటే ఏమిటో చెప్పరు. చెప్పనప్పుడు ఎవడి మనసులో ఉన్న బొమ్మ వాడు వాడుకుంటాడు. గడ్డాన్ని బట్టి, పేరును బట్టి, అద్దెకున్న గల్లీని బట్టి. లాడ్జీలో గది దొరకనిది అతనికే, బస్సులో పక్క సీటు ఖాళీగా మిగిలేది అతని పక్కనే. మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకుపోయిన పాతబస్తీ కుర్రాళ్ళలో చాలామంది నిర్దోషులుగా తేలారు. అప్పటి ప్రభుత్వం పరిహారం కూడా ప్రకటించింది. అలర్ట్‌కు ఖర్చే లేదనుకునేవారు వాళ్ళ ఇళ్ళకు ఒకసారి వెళ్ళి రావాలి.

కావున తమతో మనవి చేసుకునేదేమంటే:

1. ఇకపై ప్రకటించే ప్రతి హై అలర్ట్‌కూ ముగింపు తేదీ వేయించండి. పాలప్యాకెట్టుకే ఉన్నప్పుడు దీనికెందుకు ఉండదు?

2. ఏం చూడాలో వస్తువు పేరుతో, చేష్ట పేరుతో చెప్పండి. వదిలేసిన సంచి, ఎవరిదో తెలియని బండి, వాచ్‌మన్ డ్యూటీ మారే వేళలు అడిగే మనిషి. మతం పేరుతో, మొహం పేరుతో వద్దు.

3. బస్టాండులో దిక్కులేని సంచి కనబడితే మా జనం చుట్టూ మూగి ఫోన్లలో వీడియో తీస్తున్నారు. ఎన్ని అడుగులు వెనక్కి జరగాలో, ఎటువైపు జరగాలో స్కూళ్ళలో, ఆర్టీసీ బస్సుల్లో, చాయ్ హోటళ్ళలో తెలుగులో, ఉర్దూలో నేర్పించండి. తిట్టకుండా నేర్పిస్తే నేర్చుకుంటాం.

4. చెప్పినవాడిని సాక్షిగా స్టేషన్ చుట్టూ తిప్పబోమని హామీ ఇవ్వండి. ఈ నగరంలో సగం అప్రమత్తత ఆ భయంతోనే నోరు మూసుకుని ఉంది.

5. ఏడాదికోసారి అసెంబ్లీలో లెక్క చెప్పండి. ఎన్ని అలర్టులు ఇచ్చారు, ఎన్ని దించారు, ఎన్ని వట్టివని తేలాయి. రహస్యాలు అక్కర్లేదు, అంకెలు చాలు. సగం వట్టివని చెప్పినా మేం నవ్వం. తప్పయిన హెచ్చరికను తప్పని చెప్పగలిగినవాడు రేపు పరుగెత్తమంటే పరుగెత్తుతాం.

ఇట్లు,
అనుమానాస్పదం కాని ఒక పౌరుడు,
హైదరాబాదు.